మిగిలిన మాట

తలుపు మూసుకుంది. మీరు అటు, నేను ఇటు. తలుపుకి అద్దం ఉంది గానీ ఆవిరి పట్టినట్టు తెల్లగా ఉండే అద్దం, లోపల మీరు ఒక నీడ, మీ ఎదురుగా ఆ అమ్మాయి ఇంకో నీడ. మాటలు మళ్ళీ నేర్పే ఆ డాక్టరమ్మాయికి మన అమ్మాయి వయసు కూడా ఉండదు. జుట్టు పైకి ముడేసుకుని అందులో పెన్ను గుచ్చుకుంటుంది, తర్వాత ఆ పెన్ను కోసమే బల్లంతా వెతుక్కుంటుంది. మిమ్మల్ని కూర్చోబెట్టి మళ్ళీ బయటికొచ్చి, తలుపు దగ్గరగా లాగి, గొంతు తగ్గించి అడిగింది. "ఆంటీ, ఇంట్లో సర్ ఆ మాట అన్నప్పుడు మీరేం చేస్తున్నారు?" ఏముందమ్మా, ఏది కావాలంటే అది చేసిపెడుతున్నాను అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. "అదే వద్దు. ఇవాళ్టి నుంచి ఆ మాటకి మీరు పలక్కండి. అర్థమైనా సరే, అర్థం కాలేదనండి. మీరు మరీ బాగా అర్థం చేసుకుంటున్నారు ఆంటీ. ఒక్క మాటతో ఇల్లంతా నడిచిపోతుంటే ఇంకో మాట కోసం ఆయనెందుకు అవస్థపడతారు? ఈ మొదటి నెలలు పోతే మళ్ళీ రావు. ఆ మాటే గడ్డకట్టుకుపోతుంది." గంటలో పంపిస్తాను, బయటికి రాగానే మొదలుపెట్టేయండి అని, తలలోంచి పెన్ను తీసి, ఏమీ రాయకుండానే మళ్ళీ తలలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గంట. బయట వాన. ఈ నడవా చివర తలుపు బార్లా తెరిచే ఉంటుంది, దాని అవతల రెండు మెట్లు, మెట్ల కింద నీళ్ళు నిలిచిన చిన్న ఆవరణ. వాన చినుకులు ఆ నీళ్ళలో పడి లేస్తుంటే ఏదో వేపుతున్న మూకుడులా చప్పుడవుతోంది. గొడుగు బెంచీ చేతికి తగిలించాను, దాని కొసనుంచి నీళ్ళు కారి నా చెప్పు కిందికి చేరుతున్నాయి. మీరైతే దాన్ని తీసి గోడకి ఆనించి, నా చెప్పు పక్కకి జరిపించి, అప్పుడు కూర్చునేవారు. గొడుగుల విషయంలో మీకు నా మీద ఏనాడూ నమ్మకం లేదు. నమ్మకం ఉండడానికి నేను ఒక్కటి నిలబెట్టుకుంటేగా, బస్సుల్లో, బ్యాంకులో, పెళ్ళి హాళ్ళలో, చెప్పుల షాపులో, ఊళ్ళో నేను వదిలేసిన గొడుగులన్నీ తెరిస్తే ఒక వీధికి నీడ వస్తుందనేవారు. అందుకే నేను గడప దాటుతుంటే అందరి మొగుళ్ళలా వెళ్ళొస్తావా అనకుండా, పేపర్లోంచి తల ఎత్తకుండా, గొడుగు! అని కేక పెట్టేవారు. ఎండాకాలమైనా అదే, పక్కింటికి వెళ్తున్నా అదే. నాకు ఒళ్ళు మండేది. మనిషికి మనిషి చెప్పే మాటేనా అది, పోస్టు డబ్బాకి చెప్పినట్టు.

ఇప్పుడు మీకున్నది ఒక్కటే మాట. ఆకలి అనే మాట పోయింది, అమ్మ పోయింది, అమ్మాయి పేరు పోయింది, నన్ను పిలిచే పిలుపు పోయింది. అంత పెద్ద గాలివానలో ఇల్లంతా కొట్టుకుపోయి వంటింటి గూట్లో ఒక్క గరిటె మిగిలినట్టు హైరార్కీ మిగిలింది. పక్షవాతం వచ్చిన రోజు క్లాసులో బోర్డు మీద రాస్తున్నది అదేనట. రాసి, పిల్లలవైపు తిరిగి, గట్టిగా పలికి, సుద్దముక్క ఇంకా చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయారట. మీకు చాలా ఇష్టమైన పాఠం అది. వేళ్ళ పాఠం. ఇంగ్లీషు మాటలన్నీ ఏదో ఒక వేరునుంచి వచ్చినవేనని, ఒక్కో వేరూ ఒక్కో ఇల్లని, అందులోంచి పుట్టిన మాటలు అక్కచెల్లెళ్ళని, కొందరు మంచి సంబంధాలు చేసుకుని పైకొచ్చారని, కొందరు మూల గదిలో ఉండిపోయారని చెప్పేవారు. కాలేజీలో చెప్పబోయే పాఠం ముందు నా వంటింట్లో ఒకసారి చెప్పి చూసుకునేవారు, నేను పిండి కలుపుతుంటే స్టూలు లాక్కుని. హైరోస్ అంటే గ్రీకులో పవిత్రమైనది, దేవుడికి చెందినది. ఆ ఇంటి పెద్దకూతురు హైరార్కీ. మొదట్లో పూజలు జరిపించే పెద్ద చేతిలోని పెత్తనం, తర్వాత ఆకాశంలో దేవదూతల వరసలు, ఎవరికంటే ఎవరు పైన అన్నది. ఆ తర్వాత దిగి దిగి వచ్చి ఆఫీసులో ఎవరి కుర్చీ ఎవరి కుర్చీ కంటే ఎత్తు అన్నదాకా వచ్చింది. "చూశావా దొరసానీ, దేవుడి దగ్గర బయల్దేరి గుమాస్తా దగ్గర ఆగింది, ఎంత పతనం!" అని మీలో మీరే నవ్వుకునేవారు. మన ఇంట్లో హైరార్కీ చెప్పండి అంటే, "పైన నువ్వు, తర్వాత మీ అమ్మాయి, తర్వాత ఆ పిల్లి. పిల్లి ఒప్పుకుంటే తర్వాత నేను."

దొరసానీ. పెళ్ళైన కొత్తలో, మీ ఇంటి పద్ధతి తెలీక, మంచం మీంచి లేవకుండానే నాక్కొంచెం టీ తెచ్చిపెడతారా అని అడిగాను. మీ అమ్మగారు గుమ్మంలో కొయ్యబారిపోయారు. మీరు మాత్రం చిత్తం దొరసానీ అని తెచ్చిచ్చారు. అప్పటినుంచి అదే పేరు. కోపంలో ఉన్నా దొరసానే, ఏదో కావాల్సి వచ్చినా దొరసానే, ఆసుపత్రిలో అమ్మాయి పుట్టినప్పుడు తలుపు సందులోంచి అదే.

అప్పుడు పక్క గది గోడ దాటి ఒక బండ తిట్టు వచ్చింది. నా పక్కన కూర్చున్నావిడ ఉలిక్కిపడలేదు సరికదా, చేతిలోని సంచీ సర్దుకుంటూ, "మా ఆయనే" అంది, రేడియోలో తెలిసినవాళ్ళ గొంతు విన్నంత మామూలుగా. దర్జీ అట ఆయన. కుడి చెయ్యి పడిపోయింది, ఆ గదిలో చేతికి కసరత్తు చేయిస్తున్నారట.

"మాటలన్నీ పోయాయక్కా, తిట్లు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. డాక్టరేమో అవి మెదడులో వేరే చోట ఉంటాయి అంటాడు. ఉంటే ఉన్నాయి గానీ, మా వియ్యపురాలు చూడ్డానికొస్తే ఆవిడ్ని నవ్వుతూ పలకరించాడు. ఏమని పలకరించాడో నేను నీకు చెప్పలేను."

"ఆవిడేమన్నారు?"

"ఏమంటుంది, పళ్ళ సంచీ అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. మీ ఆయన ఏమంటాడు?"

"హైరార్కీ అంటారు."

"అంటే? తిట్టేనా?"

"కాదండీ. దాని మొదలు దేవుడికి సంబంధించిన మాట."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "పెట్టి పుట్టావక్కా. నేను పొద్దున లేస్తే ఏం వింటానో తెలుసా!" అని నవ్వింది. నవ్వు ఆగాక కొంగుతో ముఖం తుడుచుకుని, "మొన్న నాకు జ్వరం వచ్చి పడుకుంటే ఒక్క తిట్టూ తిట్టలేదక్కా. గంటలకి గంటలు నోరెత్తలేదు. నాకు భయమేసింది" అంది.

నాకు తెలుసు ఆ భయం. మీరు పలకని పూట నాకూ అంతే. అందుకే కాబోలు మీ ఒక్క మాటలోంచి అన్ని మాటలూ ఏరుకోవడం నేర్చుకున్నాను. మొదట్లో మీరు అరిచేవారు, నేను ఏడ్చేదాన్ని, నీళ్ళా అని నీళ్ళు తెస్తే గ్లాసు తోసేసేవారు, దుప్పటా అంటే కళ్ళు మూసుకునేవారు. తర్వాత మెల్లగా చెవి పదునెక్కింది. పొట్టిగా తెంపేసినట్టు అంటే టీ. మొదటి అక్షరాన్ని సాగదీస్తే కిటికీ తీయమని. చివర కీ అన్నది పైకి లేస్తే వచ్చిందెవరని. కిందికి దిగిపోతే బాత్రూమ్, తొందరగా. గొంతులో గులకరాళ్ళు దొర్లినట్టుంటే టీవీలో ఎవరో ఉచ్చారణ తప్పు పలికారు, కట్టెయ్యమని. అమ్మాయి ఫోన్ చేసినప్పుడు ఒకలాగ అంటారు, మెత్తగా, ఆ మాటని అరచేతిలో పెట్టి నిమిరినట్టు. అమ్మాయి అటు ఏడుస్తుంది. నాన్న ఏమన్నారమ్మా అంటుంది. వేళకి తింటున్నావా అంటున్నారు అని చెప్తాను. మీరు తల ఊపుతారు, అవునవును అదే అన్నానని.

ఆ హైరోస్ ఇంట్లోనే పుట్టిన ఇంకో పిల్ల ఉందనేవారు, ఎవరూ పట్టించుకోని పిల్ల, హైరోఫాంట్. పవిత్రమైనవాటిని నలుగురికీ తెరిచి చూపించేవాడట. గర్భగుడి తలుపు దగ్గర నిలబడి, లోపలున్నది ఏమిటో బయటివాళ్ళకి చెప్పేవాడు. నేను అదయ్యాను ఇప్పుడు. కాలేజీవాళ్ళు చూడ్డానికొస్తారు, వరసగా కుర్చీల్లో కూర్చుంటారు, మీరు ఒక్క మాట అంటారు, వాళ్ళంతా మిమ్మల్ని వదిలేసి నావైపు తిరుగుతారు. నేను చెప్తాను. పరీక్షలు ఎప్పుడని అడుగుతున్నారు, మీ నాన్నగారి కంటి ఆపరేషన్ అయిందా అంటున్నారు. వాళ్ళు అబ్బా అన్నట్టు చూస్తారు. అన్నేళ్ళు మీరు చెప్తుంటే విన్నాను, గది నిండా మనుషులున్నా మీరే మాట్లాడేవారు, నేను బిస్కెట్ల పళ్ళెం పట్టుకుని ఎవరి మాటకీ అడ్డం రాకుండా వంగి నడిచేదాన్ని. ఇప్పుడు నేను నోరు విప్పితే తప్ప మీరు లేరు. అందులో నాకు సుఖం ఉందేమో. ఆ అమ్మాయి అలా చూసి చూడగానే పట్టేసుకుంది, పెన్ను దొరకని పిల్ల. మీరు మరీ బాగా అర్థం చేసుకుంటున్నారు. మెచ్చుకోలు అనిపించేలా ఉంది ఆ మాట, కానీ కాదు. తలుపు తెరిచి చూపించేదాన్ని అనుకుంటూ తలుపుకి అడ్డంగా నిలబడ్డానేమో.

ఆ అద్దం వెనక మీ నీడ ముందుకు వంగింది. ఏదో బొమ్మ చూపిస్తున్నట్టుంది. కుక్క బొమ్మ, చెట్టు బొమ్మ, కప్పు బొమ్మ, పోయినసారి నేనూ కూర్చున్నాను. మీలాంటివారికి కప్పు బొమ్మ చూపించి ఇదేమిటి సర్ అని అడుగుతుంటే నా మనసు చివుక్కుమంది. డబ్బాల మూతల మీద నేను రాసే రాత చూసి మీరు ఏడిపించేవారు గుర్తుందా, ఇది జీలకర్ర అని ఎవరికి తెలుస్తుంది, ఇవి హైరోగ్లిఫ్‌లు, రాళ్ళ మీద చెక్కిన పవిత్ర చిత్రాలు, చదవడానికి పండితులు రావాలి అని. ఆ మూతలే ఈమధ్య మీ ముందు పెట్టి చూశాను ఒకరోజు. మీరు ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. అక్షరాలు మీకు గోడమీద గీతలైపోయాయి. అయినా మూత వాసన చూసి, వేలితో నా రాతమీద నెమ్మదిగా రుద్దారు. అప్పుడు అన్న హైరార్కీకి అర్థం ఇప్పటికీ నాకు తెలీదు. ఆ ఒక్కటీ నేను ఎవరికీ చెప్పలేదు.

మీ తమ్ముడు మాత్రం వచ్చినప్పుడల్లా మిమ్మల్ని దేవుణ్ణి చేసి వెళ్తాడు. అన్నయ్య ఒకర్ని పల్లెత్తు మాట అనలేదు వదినా, ఏనాడూ కోపం ఎరగడు వదినా. మీరక్కడే కూర్చుని వింటుండగానే. దీనికీ ఒక మాట ఉంది, దాని వేరు ఇంకొకటి, హాగియోస్, అది పక్కిల్లు, వాళ్ళూ పవిత్రులే అని చెప్పేవారు మీరు. ఆ ఇంటి పిల్ల హేజియోగ్రఫీ. సాధువుల చరిత్ర, మచ్చలన్నీ తుడిచేసి రాసేది. "నా గురించి ఎవరైనా అలా మొదలుపెడితే నేను పోయానని లెక్క, నువ్వు వెళ్ళి ఆపు" అన్నారు. ఆపాను మొన్న. కోపం ఎరగకపోవడమేంటయ్యా, కూరలో ఉప్పు ఎక్కువైందని ఒక పూటంతా మాట్లాడని మనిషి, నీ పెళ్ళిలో శుభలేఖలో తప్పుందని పందిట్లోనే గొడవ పెట్టుకున్న మనిషి, తడి తువ్వాలు మంచం మీదే పడేసే మనిషి అని గడగడా చెప్పాను. మీ తమ్ముడు నోరు తెరిచాడు. మీరు నవ్వారు, ఆ పక్కకి వాలిన నోటితోనే, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. ఆ తువ్వాలు, ఆ కోపం, ఆ సతాయింపు, అవే కావాలి నాకు. ఓపికగా కూర్చుని ఏది పెడితే అది తినే ఈ సాధువుని తెచ్చి నా చేతిలో పెట్టి మా ఆయన్ని ఎక్కడికి తీసుకెళ్ళారో ఎవరూ చెప్పరు.

రోజూ మిమ్మల్ని పక్కకి తిప్పి నడుము కింద పౌడరు వేస్తాను, పుండు పడకుండా. అక్కడుండే ఎముక గురించీ చెప్పారు మీరు ఒకసారి, నేను నడుము నొప్పని మూలుగుతుంటే. గ్రీకువాళ్ళు దాన్ని పవిత్రమైన ఎముక అన్నారట, లాటిన్ వాళ్ళు తమ భాషలోకి మార్చుకుని సేక్రమ్ అన్నారట, డాక్టర్లు ఇప్పటికీ అదే అంటారట. ఎందుకు పవిత్రం అంటే ఎవరికీ సరిగ్గా తెలీదు అన్నారు. నాకు తెలుసనిపిస్తుంది, మీ ఒంటి బరువు నా భుజం మీద పడి, నా చెయ్యి మీ వెన్ను చివర ఆ గట్టి పలక మీద ఆగినప్పుడు. మనిషి కూర్చోవాలన్నా లేవాలన్నా అదే. బిడ్డని మోసినా అదే. ఇన్నేళ్ళ కాపురంలో అంత పగటి వెలుతురులో అక్కడ చెయ్యి వేసింది లేదు. పౌడరు చల్లగా తగిలి మీరు హైరార్కీ అంటారు, కాస్త సిగ్గుగా. నేను చొక్కా కిందికి సర్దుతాను.

మీ అసలు గొంతు గుర్తుచేసుకుందామని చూస్తే రావడం లేదు. దొరసానీ అని నాలో నేను అనుకుంటే నా గొంతే వినిపిస్తుంది. దో అనేటప్పుడు నవ్వుండేదా, నీ అనేటప్పుడా? ఎప్పుడూ చెవిలో ఉండే మాటని ఎవరు దాచుకుంటారు. కుళాయి నీళ్ళలా వస్తూనే ఉంటుందనుకుంటాం. ఇప్పుడు నేను పలకడం మానేస్తే, మీరు ఆ ఒక్కటీ మానేస్తే? దర్జీగారి భార్య విన్న నిశ్శబ్దం నా ఇంట్లోకి వస్తే? ఉన్నదాన్ని చేతులారా పోగొట్టుకోమంటోంది ఈ పిల్ల, వస్తుందో రాదో తెలియనిదాని కోసం. గడ్డకట్టుకుపోతుంది అంది. మీ అంత మనిషి ఒక్క మాటలో గడ్డకట్టుకుపోయి నా పక్కన అలా కూర్చుని ఉండడం, నేను మీ తరఫున ఊరంతటికీ జవాబులు చెప్తూ ఉండడం. అదీ నాకు వద్దు.

తలుపు తెరుచుకుంది. మీరు ఎడమచేత్తో కర్ర పట్టుకుని, నుదుటిమీద చెమటతో, పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా ఉన్నారు. వెనక ఆ అమ్మాయి గుర్తుందిగా అన్నట్టు నావైపు చూసింది. నేను సంచీ భుజానికేసుకుని మీ కుడి మోచేయి కింద చెయ్యి పెట్టాను. మెల్లగా నడిచాం. నడవా చివర తలుపు దాకా వచ్చి, ఒక మెట్టు దిగబోతుంటే మీరు ఆగిపోయారు. వెనక్కి చూశారు, నావైపు చూశారు, అన్నారు. హైరార్కీ. విసుగ్గా, చివర సాగదీసి, నా చెవులకి నా పేరుకంటే బాగా తెలిసిన విసుగు అది. బెంచీ చేతికి గొడుగు అలాగే వేలాడుతోందని వెనక్కి తిరగకుండానే తెలిసిపోయింది. మెడ తిరగబోయింది. ఆపుకున్నాను.

"అర్థం కాలేదండీ."

అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడకండి, అర్థం కాకుండా తలూపేవాళ్ళంటేనే నాకు మంట అని మీ క్లాసు పిల్లలకి చెప్పేవారు. అర్థమై కూడా కాలేదనేవాళ్ళని ఏమంటారో చెప్పలేదు. మీరు నావైపు నమ్మలేనట్టు చూశారు. మళ్ళీ అన్నారు, ఈసారి గట్టిగా, కర్ర నేలకేసి కొట్టి. వెనకనుంచి దర్జీగారి భార్య, "అక్కా! నీ..." అని మొదలుపెట్టింది. మీకు కనపడకుండా చెయ్యి వెనక్కి పెట్టి ఆపమని సైగ చేశాను. ఏం అర్థమైందో, నోరు టక్కున మూసుకుంది.

"నిజంగా తెలీడం లేదండీ. ఏం కావాలి?"

మీ కళ్ళల్లోకి చూడలేకపోయాను. మిమ్మల్ని గుమ్మం పక్క కటకటాలకి ఆనించి, మీ చెయ్యి కమ్మీ మీద పెట్టి, బండి పిలవడానికన్నట్టు రెండు మెట్లూ దిగాను. వాన నెత్తిన పడింది, మెడలోంచి జాకెట్టులోకి దిగింది. వెనక హై అని వినిపించింది. సగంలో ఆగింది. మీరే ఆపారు. తిరిగి చూస్తే మీ ముఖం ఎర్రబడి ఉంది, పెదాలు దేన్నో వెతుక్కుంటున్నాయి, ముందుకొచ్చి, వెనక్కి పోయి, మెల్లగా గుండ్రంగా చుట్టుకున్నాయి. దో అనబోతున్నారని నా ప్రాణం లేచి వచ్చింది.

"గొ" అన్నారు.

కేకలాగే ఉంది. పేపర్లోంచి తల ఎత్తకుండా పెట్టే కేక. మిగతాది నా నాలుక చివరే ఉంది, అందించేస్తే అయిపోతుంది. పళ్ళ మధ్య పట్టి ఉంచాను. "ఊఁ, వింటున్నాను, చెప్పండి" అన్నాను, తడుస్తూ అక్కడే నిలబడి.

"గొ... గొ..."